మెడలోది వేరు, ఛాతీలోది వేరు

ముప్పై నాలుగేళ్ళు మనుషుల ఒంటి లోపలి బొమ్మలు తీశాను. మొదట రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న ఎక్స్‌రే సెంటర్లో, తర్వాత బెంగళూరు తూర్పు వైపున ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెట్ స్కాన్ టెక్నాలజిస్టుగా. ఆసుపత్రి పేరు రాయను. పొద్దున మా ఊరు మారికుప్పంలో రైలెక్కి పోయేదాన్ని, సాయంత్రం రైల్లో తిరిగొచ్చేదాన్ని. మా నాన్న మా ఊరి కేజీఎఫ్ బంగారు గనిలో వైండింగ్ ఇంజిన్ డ్రైవరు. అంటే మనుషుల్ని షాఫ్టు అనే నిలువు బావిలోకి దించి, షిఫ్టు అయ్యాక పైకి లాగే యంత్రం నడిపేవాడు. గని మూతపడ్డాక కూడా మేము ఊరు వదల్లేదు.

రిటైరయ్యాక కోలారులో ఒక పారామెడికల్ కాలేజీ వాళ్ళు పిలిస్తే వారానికొకరోజు వెళ్తున్నాను. పిల్లలు జీతం గురించి అడుగుతారు, రేడియేషన్‌తో మనకేమైనా అవుతుందా అని అడుగుతారు. వాటికి అక్కడే జవాబు చెప్పేస్తాను. మొన్న ఒక అమ్మాయి, "మేడమ్, మీరు పెద్ద తప్పు ఏదైనా చేసినారా?" అని అడిగింది. క్లాసు అయిపోయే గంట కొట్టారు. చేశానమ్మా, రాసి ఇస్తాను అన్నాను. ఇది అదే.

పని ఏమిటంటే

లింఫోమా అనేది లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సరు. ఆ గ్రంథులు మెడలో, చంకల్లో, గజ్జల్లో, ఛాతీలో, కడుపులో, ఒళ్ళంతా ఉంటాయి. ఎక్కడో ఒకచోట గడ్డ తేలితే మనిషి ఆసుపత్రికి వస్తాడు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు పేరు తెలుస్తుంది. ఎంతదూరం పాకిందో మాత్రం తెలియదు. అది తేల్చడమే స్టేజి చెప్పడం. ఒక్కచోటే ఉంటే ఒకటో స్టేజి. ఊపిరితిత్తుల కింద అడ్డుగోడలా డయాఫ్రం అనే కండరం ఉంటుంది. దానికి ఒకే వైపున రెండు మూడు చోట్ల ఉంటే రెండో స్టేజి. దానికి అటూ ఇటూ ఉంటే మూడు. గ్రంథుల్ని దాటి ఊపిరితిత్తుల్లోకో కాలేయంలోకో ఎముకల మూలుగలోకో చెదిరిపోయి ఉంటే నాలుగు.

ఇది తేల్చడానికి పెట్ స్కాన్ వాడతాం. రేడియోధార్మికత కలిపిన చక్కెరలాంటి మందును నరంలోకి ఎక్కించి, గంటసేపు పడుకోబెట్టి, తర్వాత మెషీన్లోకి పంపుతాం. చక్కెర బాగా తినే చోటు తెరమీద వెలుగుతుంది. క్యాన్సరు కణాలు చక్కెరను ఆబగా తింటాయి కాబట్టి అవి వెలుగుతాయి.

చిక్కు ఎక్కడంటే, చక్కెర తినేది క్యాన్సరొక్కటే కాదు. టీబీ తింటుంది. మానుతున్న పుండు తింటుంది. చలికి ముడుచుకున్న ఒళ్ళు తింటుంది. బరువు మోసిన కండ తింటుంది. మెషీను వెలుగును చూపిస్తుంది గానీ అది ఎందుకు వెలుగుతోందో చెప్పదు.

కోలారు టమాట మార్కెట్లో క్రేట్లు ఎత్తే మనిషి ఒకాయన స్కానుకు వచ్చాడు. చంకలో గడ్డ. బొమ్మ చూస్తే రెండు చేతులూ, భుజాలూ, వీపూ దీపాల తోరణంలా వెలుగుతున్నాయి. ఆ వెలుగులో చంకలోని గ్రంథులు కనిపిస్తే ఒట్టు. "ఏం చేసి వచ్చినావప్పా?" అని అడిగితే, "ఏమీ తినలేదు మేడం, మీరు చెప్పినట్టే ఉపాసం ఉండినాను. తెల్లారి ఒక లారీ దించేసి బస్సెక్కినా, అంతే" అన్నాడు. వ్యాయామం చేయరాదు అని మేమిచ్చిన కాగితంలో ఉంది కదా అన్నాను. "వ్యాయామం నేనెందుకు చేస్తానమ్మా, అది జిమ్ముకు పోయేవాళ్ళది కదా!" అన్నాడు. ఆయనను మళ్ళీ ఇంకోరోజు రమ్మనాల్సి వచ్చింది. అప్పటినుంచి నేను కాగితం ఇచ్చి ఊరుకోలేదు. బరువు ఎత్తొద్దు, సైకిలు తొక్కొద్దు, పాలు పిండొద్దు, గడ్డి కోయొద్దు అని నోటితో చెప్పేదాన్ని.

మాలూరు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకమ్మాయికి మందులన్నీ అయిపోయాక, జబ్బు పోయిందా లేదా చూడటానికి స్కాన్ చేశాం. మెడకు రెండు పక్కలా వెలుగు. జబ్బు తిరగబెట్టిందని అనుకోవాల్సిందే. మా డాక్టరు దగ్గరగా చూసి, వెలుగుతున్నది గ్రంథులు కాదు, వాటి పక్కనున్న కొవ్వు అన్నాడు. చలి పడితే ఒంటిని వెచ్చబెట్టడానికి ఆ కొవ్వు చక్కెరను మండిస్తుంది. ఆ అమ్మాయి మంచు పొద్దున రైల్లో కిటికీ పక్కన కూచుని వచ్చింది, మేము ఏసీ గదిలో పలచటి దుప్పటి కప్పి పడుకోబెట్టాం. వారం తర్వాత రెండు రగ్గులు కప్పి మళ్ళీ చేస్తే మెడ చీకటిగా, శుభ్రంగా ఉంది. ఆ వారం రోజులూ ఆ పిల్ల తల్లి ఎలా నిద్రపోయిందో నేను అడగలేదు. రోగికి చలి వేస్తోందా అని చూడటం కూడా రోగనిర్ధారణలో భాగమేనని ఆ రోజు తెలిసింది.

డాక్టర్ నరహరి

కొవ్వును గుర్తుపట్టిన ఆ డాక్టరే మా విభాగం పెద్ద, డాక్టర్ నరహరి. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు. చీకటి గదిలో మూడు తెరల ముందు కూచుంటే మధ్యాహ్నం భోజనానికి తప్ప లేచేవాడు కాదు. రోగుల ముఖాలు చూసేవాడు కాదు. చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే కన్ను మోసపోతుంది అనేవాడు. అందులో నిజం లేకపోలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు.

అయితే ఆయనకొక మాట ఉండేది: "బొమ్మలో లేనిది నాకు చెప్పొద్దు." రోగి ఏమన్నాడో, ఎక్కడినుంచి వచ్చాడో మేము చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేసేవాడు. కొత్తలో నేను రెండు మూడుసార్లు చెప్పబోయి ఆగిపోయాను. తర్వాత చెప్పడం మానేశాను. మానేయడం అలవాటైంది. ఈ అలవాటు గురించే మీకు ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నాను. పైవాళ్ళు వినకపోవడం వాళ్ళ లోపం. వాళ్ళు వినరని మనం చెప్పడం మానేస్తే, అది మన లోపం.

చెంగల్రాయప్ప

ముళబాగిలు వైపు ఆవని అనే ఊరి దగ్గరి పల్లెనుంచి డెబ్బై ఏళ్ళ మనిషి వచ్చాడు, పేరు చెంగల్రాయప్ప. సన్నగా, పొడుగ్గా, భుజంమీద ఉతికిన తువ్వాలు. మెడ కుడిపక్కన కోడిగుడ్డంత గడ్డ. ముక్క పరీక్షలో లింఫోమా అని తేలింది. వెంట కూతురు వనజ. ఊళ్ళో ఆవుల్ని చూసుకుంటూ పట్టుపురుగులు పెంచుతుంది. ఆ కుటుంబాన్ని నడిపేది ఆమే.

స్కానుకు ముందు మేమొక కాగితం నింపాలి. చక్కెరవ్యాధి ఉందా, టీబీ వచ్చిందా, ఆపరేషన్లు ఏవైనా, వృత్తి ఏమిటి. ఫైల్లో వృత్తి దగ్గర వ్యవసాయం అని ఉంది. అడక్కుండా అదే ఎక్కించాను. మాకు పొద్దున వ్యానులో వచ్చే మందు ప్రతి రెండు గంటలకూ బలం సగమైపోతుంది. ఒకరి దగ్గర ఆలస్యమైతే చివర ఉన్నవాళ్ళకు మందు చాలదు. ఆ తొందరలో ఉన్నాను. ఇది సాకు అని నాకు తెలుసు.

మందు ఎక్కించే గదిలోకి ఇంటివాళ్ళను రానివ్వం కాబట్టి వనజ బయటే ఉంది. సూది గుచ్చుతుంటే ఆయన నా ముఖం చూశాడు.

"సిస్టర్, నీ మాట మావైపు మాట మాదిరి ఉండాది. యాడ మీది?"

"కేజీఎఫ్ అప్పా. మారికుప్పం."

"మారికుప్పమా! నేనూ ఆడనే కదమ్మా ఉండినది. ఇరవై రెండేండ్లు..."

"అప్పా, ఇంగ మాట్లాడకూడదు" అన్నాను. "మందు ఎక్కించేసినాను. గంటసేపు నోరు మెదపకుండా పడుకోవాల."

అది నిజమైన నియమమే. మాట్లాడితే గొంతు కండరాలు పనిచేస్తాయి, పనిచేస్తే వెలుగుతాయి, జబ్బున్న చోట తికమక అవుతుంది. ఆయన బడిపిల్లాడిలా పెదాలమీద వేలు పెట్టుకుని నవ్వాడు. నేను లైటు ఆర్పి ఇంకొకరి దగ్గరికి పోయాను. మారికుప్పంలో ఇరవై రెండేళ్ళు ఉన్న మగమనిషి గనిలో కాక ఇంకెక్కడ పనిచేసి ఉంటాడు? అది నాకు తట్టకపోలేదు. స్కానయ్యాక అడుగుదాం అనుకున్నాను. స్కానయ్యేసరికి ఇంకో ఇద్దరు వరుసలో ఉన్నారు.

బొమ్మ తెరమీదికి వస్తుంటే చూశాను. మెడలో గడ్డ భగ్గుమని వెలుగుతోంది. ఛాతీ మధ్యలో, రెండు ఊపిరితిత్తుల మొదట్లో ఉండే గ్రంథులు కూడా వెలుగుతున్నాయి. ఊపిరితిత్తుల పైభాగాల్లో అక్కడక్కడ మచ్చలు, వాటిలో కొన్ని వెలుగుతున్నాయి. రాబర్ట్‌సన్‌పేటలో పదమూడేళ్ళు గని కార్మికుల ఛాతీ ఎక్స్‌రేలు తీసినదాన్ని. రాతిదుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్ అనే జబ్బులో మచ్చలు సరిగ్గా అక్కడే వస్తాయి. నాకు తోచింది. గోడ అవతలి గదిలోనే డాక్టర్ నరహరి ఉన్నాడు. ఆయన చెయ్యి ఎత్తడం గుర్తొచ్చింది. ఆయనకు నాకంటే బాగా తెలుసు కదా అనుకున్నాను.

రిపోర్టులో ఊపిరితిత్తులకు పాకిన లింఫోమా, నాలుగో స్టేజి అని వచ్చింది.

రైల్లో వనజ

నాలుగైదు రోజుల తర్వాత, సాయంత్రం రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో వనజ కనిపించింది. ఒళ్ళో ఫైలు పెట్టుకుని, దాని తాడు ముడి విప్పుతూ మళ్ళీ వేస్తూ కూచుంది. పక్కన కూచుని పలకరించాను.

"క్యాన్సర్ డాక్టరును చూసి వస్తా ఉండాను సిస్టర్. నాలుగో స్టేజి అన్నాడు. ఆరు దఫాలు కీమో ఇస్తామన్నాడు. మా అప్పకు ఊపిరి చానా తక్కువ, ఆరు తట్టుకోలేడు. అందుకే ఇంగ వద్దనుకున్నాము. ఇంటికాడే పెట్టుకొని చూసుకుంటాము."

"డాక్టరు వద్దన్నాడా?"

"ఆయన చేద్దామనే అన్నాడు. నాలుగు తర్వాత ఐదు లేదు కదా సిస్టర్. లాస్టు స్టేజి అంటే లాస్టే కదా. ఉన్నన్ని దినాలు సూదులు పొడిపించేది ఎందుకు?"

లింఫోమాలో నాలుగంటే అంతం కాదు, నాలుగులో ఉన్నవాళ్ళు కూడా ఎందరో బాగై ఇంటికి పోయారు అని చెప్పాను. ఆమె తలూపింది గానీ నమ్మలేదు. రైలు మాలూరు దాటింది. అప్పుడు అడిగాను, ఆ రోజు అడగాల్సిన ప్రశ్న.

"మీ అప్ప గనిలో ఏం పని చేసినాడు?"

"డ్రిల్లింగు. రాయికి తూట్లు పెట్టేది. మైను మూసేసినాక ఊరికి వచ్చి సేద్యం చేసినాడు. దగ్గు అప్పటినుంచీ ఉండాది."

"అప్పుడు తీసిన ఎక్స్‌రే ఏదైనా ఉందా?"

"మారికుప్పంలో మా పాత ఇంట్లో మా పిన్నమ్మ ఉండాది. ఆడ కిటికీ అద్దం పగిలిపోతే మా అప్ప ఒక ఎక్స్‌రే బొమ్మ పెట్టి మేకులు కొట్టినాడు. అది ఆయనదే. ఇంగా ఉండాదో లేదో తెలీదు."

బంగారుపేటలో ఆమె దిగిపోయింది, ముళబాగిలు బస్సు ఎక్కాలి కాబట్టి. దిగే ముందు ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

ఆదివారం ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. గని కార్మికుల ఇళ్ళ వరుసలను మా ఊళ్ళో లైన్లు అంటాం. నేను పుట్టి పెరిగిన లైనుకు నాలుగు లైన్ల అవతలే ఆ ఇల్లు. పిన్నమ్మ ముసలావిడ, చెవులు కొంచెం తక్కువ. నేను చెప్పిందంతా విని, "ఆ బొమ్మ తీస్తే దిబ్బల దుమ్మంతా ఇంట్లోకి వస్తాదే అమ్మా" అంది. గనినుంచి తీసి పోసిన మట్టిదిబ్బలు ఆ కిటికీకి ఎదురుగానే ఉన్నాయి. ఒక అట్ట తెచ్చి కిటికీకి కొడతానని మాటిచ్చాక ఒప్పుకుంది. నేను మేకులు పీకుతుంటే, "మా బావకు బాగవుతాదా?" అని అడిగింది. తెలియదు పెద్దమ్మా అన్నాను.

అంచులు చిరిగి, నాలుగు మూలలా తూట్లు పడి, ఎండకు కొంత పసుపెక్కింది. అయినా మూలన తెల్ల అక్షరాల్లో పేరూ తేదీ చదవగలిగేలానే ఉన్నాయి. గని మూతపడటానికి ముందటి తేదీ. వాకిట్లోకి తెచ్చి ఎండకు ఎత్తి పట్టుకున్నాను. రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో అవే మచ్చలు. మొన్న తెరమీద చూసినవి, అవే చోట్ల.

సోమవారం

డాక్టర్ నరహరి గది తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపలికి పోయి, "సార్, చెంగల్రాయప్ప గురించి ఒక మాట" అన్నాను.

"బొమ్మలో ఉన్నదేనా?"

"బొమ్మలోనే ఉంది సార్. ఈ బొమ్మలో."

గోడకున్న పాత లైటు పెట్టెను ఎవరూ వాడటం లేదు, దాని ముందు పుస్తకాలు పేర్చి ఉన్నాయి. అవి పక్కకు పెట్టి లైటు వేసి ఎక్స్‌రేను తగిలించాను. ఆయన కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తేదీ చూశాడు.

"ఈయన రైతు కదా?"

"నేనే అలా రాశాను సార్. గనిలో డ్రిల్లరు. ఆ రోజు ఆయన చెప్పబోతుంటే నేనే నోరు మూయించాను."

"హౌదా?" అన్నాడు మెల్లగా, అలాగా అని కన్నడంలో. స్కానును తెరమీదికి తెచ్చుకుని, ఒక్కో మచ్చనూ ఎక్స్‌రేలోని మచ్చతో పోల్చి చూశాడు. "చూడండి, ఈ గ్రంథి అంచున గుడ్డు పెంకులా సున్నం పేరుకుంది. అది రాతిదుమ్ము గుర్తు. చూసి కూడా పాత టీబీ అనుకుని వదిలేశాను." నావైపు తిరిగాడు. "ఇది మీకు ఆ రోజే తోచిందా?"

"తోచింది సార్."

"ఎందుకు చెప్పలేదు?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో పైఅధికారితో నేను సూటిగా మాట్లాడింది తక్కువ. "మీరు వినరని" అన్నాను.

ఆయన కోప్పడలేదు. క్షమాపణ కూడా చెప్పలేదు. ఫోను తీసి క్యాన్సర్ డాక్టరుతో, "ఆ రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు చదివాను" అన్నాడు. ఇంతమంది డాక్టర్లతో పనిచేశాను, ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా అన్నవాళ్ళను ఇంకొకరిని చూడలేదు. ఫోను పెట్టి నాతో, "సంతోషపడకండి. మచ్చలు పాతవని తేలింది, అంతే. ఛాతీ గ్రంథుల్లో దుమ్ముతోపాటు లింఫోమా కూడా ఉండొచ్చు. సూదితో ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది. వాళ్ళను రమ్మనండి" అన్నాడు.

నలభై నిమిషాల ఫోను

వనజకు ఫోను చేసి అంతా చెప్పాను. అప్ప ఒప్పుకోవడం లేదని సాయంత్రం తిరిగి ఫోను చేసింది. ఆయననే ఇవ్వమన్నాను.

"మొన్న నాలుగన్నారు, ఇప్పుడు ఒకటి కావచ్చు అంటారు" అన్నాడు చెంగల్రాయప్ప. "రేపు ఇంగొకటి అంటారు. నేను రానమ్మా. రాగులు కోతకు వచ్చి ఉండాయి."

"తప్పు నాది అప్పా. ఆ దినం మీరు మైను సంగతి చెప్పబోతే నేనే మాట్లాడొద్దన్నాను. కాగితంలో సేద్యం అని రాసింది నేనే. నేను అడిగి ఉంటే డాక్టరు తప్పు రాసేవాడు కాదు."

అవతల దగ్గు వినపడింది.

"అట్లయితే ఇప్పుడు చెప్పనిస్తావా?" అన్నాడు.

"చెప్పండప్పా."

నలభై నిమిషాలు చెప్పాడు. పల్లెనుంచి ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో గనికి వచ్చిన సంగతి. లోపల ఎంత వేడో, రాయి ఎంత వేడిగా ఉండేదో. తడి గుడ్డ ముక్కుకు కట్టుకుంటే పావుగంటకే ఆరిపోయేదట. రాయి పేలి పక్కనున్నవాడు పోయిన షిఫ్టు. నీళ్ళు పెట్టి డ్రిల్లు వేస్తే దుమ్ము తక్కువ, అయినా తెల్లగా అయి పైకి వచ్చేవాళ్ళమని, భార్య గుర్తుపట్టడానికి నవ్వి చూపించేవాడినని. చివర్లో, "మీ నాయన ఏం చేసేవాడమ్మా?" అని అడిగాడు. వైండింగ్ ఇంజిన్ అని చెప్పి, మా నాన్న పేరు చెప్పాను.

"ఓయమ్మా! ఆయన కూతురా నువ్వు? నన్ను దినామూ దించి దినామూ పైకి తెచ్చిన మనిషి కదమ్మా" అన్నాడు. "కోత వనజ చూసుకుంటాది. శుక్రవారం వస్తాను."

శ్వాసనాళంలోంచి సూది దించి ఛాతీ గ్రంథిలోంచి ముక్క తీశారు. అందులో క్యాన్సరు లేదు. రాతిదుమ్ము, దానిచుట్టూ గట్టిపడిన మచ్చ, అంతే. మిగతా పరీక్షలు కూడా అయ్యాక డాక్టర్ నరహరి కొత్త రిపోర్టు రాశాడు. లింఫోమా మెడలోని ఒక్కచోటే, ఒకటో స్టేజి. ఆరు దఫాల కీమో బదులు నాలుగు, తర్వాత మెడకు రేడియేషన్ అని నిర్ణయించారు. ఆ ఊపిరికి ఆ రెండు దఫాల తేడా చిన్నది కాదు.

నా అభిప్రాయాలు కొన్ని

ఇది చదివి మీరు గని మనిషి ఛాతీ వెలిగితే దుమ్మే అని తేల్చేయకండి. మరుసటి ఏడాది నేను అదే చేశాను. క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి ఒకాయన వచ్చాడు. ఈసారి గర్వంగా పోయి, "సార్, ఇది కూడా రాతిదుమ్మే" అన్నాను. డాక్టర్ నరహరి పూర్తిగా విన్నాడు, సూది పరీక్ష చేయించాడు. దుమ్మూ ఉంది, లింఫోమా కూడా ఉంది. ఆయనది నిజంగా మూడో స్టేజి. నేను చేయాల్సింది తీర్పు చెప్పడం కాదు, తెలిసింది చేరవేయడం. ఆ రెంటికీ తేడా అప్పటికి గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. అన్నట్టు ఆ మూడో స్టేజి ఆయన మందులన్నీ వాడి ఇప్పటికీ బాగున్నాడు, మొన్న కోలారు బస్టాండులో కనిపించాడు.

ఇంకొకటి. స్టేజి అనే అంకెను డాక్టర్లు మందు ఎంత ఇవ్వాలో తెలుసుకోవడానికి వాడతారు. ఇంటివాళ్ళు దాన్ని ఎన్నాళ్ళు బతుకుతాడో చెప్పే అంకెగా వింటారు. చెప్పేవాళ్ళు ఒక్క నిమిషం ఎక్కువ కూచుని ఈ తేడా వివరిస్తే వనజలాంటివాళ్ళు ఫైలు తాడు కట్టుకుని ఇంటికి పోరు. ఆ నిమిషం మన చేతిలో లేదు. కానీ వాళ్ళు మన దగ్గర గంటలు గడుపుతారు. సూది గుచ్చకముందు అడగండి. ఇప్పుడేం చేస్తున్నారు అని మాత్రమే కాదు, ఇంతకుముందు ఏం చేసేవాళ్ళు అని. మా కాగితంలో ఆ రెండో ప్రశ్నను తర్వాత డాక్టర్ నరహరే చేర్పించాడు. దానికి ఎవరి పేరూ పెట్టలేదు, చర్చా జరగలేదు. ఒక సోమవారం కొత్త కాగితాలు వచ్చాయి, అంతే.

మళ్ళీ స్కాన్

మందులు, రేడియేషన్ అన్నీ అయిపోయి, నెలలు గడిచాక చెంగల్రాయప్ప మళ్ళీ స్కానుకు వచ్చాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. సూది వేసేముందు పది నిమిషాలు మాట్లాడుకున్నాం. తర్వాత ఆయనే, "ఇంగ మాట్లాడకూడదు కదా" అని కళ్ళు మూసుకున్నాడు.

బొమ్మ వస్తుంటే నేను మెడవైపే చూస్తున్నాను. చీకటిగా ఉంది. చిన్న నలుసంత వెలుగు కూడా లేదు. ఛాతీలో మాత్రం మునుపు ఎలా వెలిగిందో అలాగే, అన్ని మచ్చలూ అక్కడే. మెడలోని జబ్బును మాపిన మందు ఛాతీలో దేన్నీ ముట్టుకోలేదు. అక్కడున్నది ఆ జబ్బు కాదు కాబట్టి. సూది పరీక్ష చెప్పిందే ఈ బొమ్మ మళ్ళీ చెప్పింది.

నేను రిపోర్టు కోసం ఎదురుచూస్తుండగా డాక్టర్ నరహరి గది తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. "ఆయన ఎక్కడ?" అన్నాడు. వెయిటింగ్ హాల్లో తండ్రీకూతుళ్ళను చూపించాను. ఆయన వాళ్ళతోపాటు నన్నూ తన గదిలోకి పిలిచి, కుర్చీలు వేయించి, తెర చూపించి, మెడలో జబ్బు లేదు అని చెప్పాడు. వనజ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. చెంగల్రాయప్ప తెరకు దగ్గరగా వంగి చూశాడు.

"ఈ ఎదలో వెలుగు అట్లే ఉండాది కదా సార్. ఇది పోదా?"

"అది క్యాన్సరు కాదు. గని దుమ్ము మచ్చలు. అవి పోవు. ఊపిరికి దాని మందులు మానకుండా వాడుకోండి."

"పోకపోతే ఉండనీ సార్" అన్నాడు ఆయన. "ఇరవై రెండేండ్లు చేసినాను కదా. అది నా సర్వీసు."

డాక్టర్ నరహరి నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు. ముసలాయనకు అది చాలింది. కుర్చీని తెర దగ్గరికి జరుపుకుని, ఒక్కో మచ్చమీద వేలు పెడుతూ, ఇది ఏ షాఫ్టులో తగిలిందో, అప్పుడు పక్కన ఎవరు ఉండినారో చెప్పడం మొదలుపెట్టాడు. బస్సుకు టైమైంది రాప్పా అని వనజ భుజం తట్టింది. బయట నాకు ఇంకో ముగ్గురు రోగులు ఉన్నారు. నేను లేచి తలుపు దగ్గరగా వేసేటప్పుడు చూస్తే, డాక్టరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు.